నిర్ణయం వాళ్ళది, ప్రశ్న మనది: 1914 నాటి ఓ అసమ్మతి పత్రం

పదిమంది కలిసిన చోట ఎవరో ఒకరు తేల్చి చెప్పాలి. అపార్ట్‌మెంటు అసోసియేషన్ కావచ్చు, ఊళ్ళో గుడి కమిటీ కావచ్చు, ఆఫీసులో డిజైన్ రివ్యూ బోర్డు కావచ్చు. ఇది ఉంటుంది, ఇది పోతుంది అని చెప్పేవాళ్ళు లేకపోతే పని నడవదు. ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతే. ఆ నిర్ణయం తప్పని మనకి గట్టిగా అనిపిస్తే ఏం చెయ్యాలి? పెద్దమనుషుల దగ్గరకెళ్ళి చెవిలో చెప్పి రావాలా, లేక నలుగురి ముందూ అడగొచ్చా?

మనవాళ్ళు సాధారణంగా ఇచ్చే సలహా మొదటిదే. "ఏదైనా ఉంటే లోపల మాట్లాడుకుందాం, బయట పరువు తియ్యకు." వినడానికి బాగానే ఉంటుంది. గతంలో నేను పనిచేసిన ఓ కంపెనీలో ఇలాగే ఒక బోర్డు నిర్ణయం మీద మెయిల్ పెడితే, ఆరు నెలలైనా జవాబు రాలేదు. తర్వాత ఆ బోర్డులో మనుషులు మారిపోయారు. కొత్తగా వచ్చినవాళ్ళకి అలాంటి అభ్యంతరం ఒకటుందన్న సంగతే తెలీదు. లోపల మాట్లాడుకున్న మాట లోపలే ఉండిపోతుంది, దానికి అంతకుమించి గతి లేదు.

ఈ ప్రశ్నకి మన చరిత్రలోనే, అదీ మా ఉత్తరాంధ్రలోనే, ఓ గొప్ప ఉదాహరణ ఉంది. మనం ఇప్పుడు రాస్తున్న తెలుగు మనకెలా వచ్చిందన్న కథ అది. అందరికీ సగం తెలిసిన కథే. గురజాడ, గిడుగు, వ్యావహారిక భాష, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం... స్కూల్లో చదువుకున్నాం. కానీ మనకి చెప్పిన పద్ధతిలో అది హీరోలు, విలన్ల కథ. నేనిక్కడ చూడబోయేది వేరే కోణం. ఒక కమిటీ నిర్ణయాన్ని బాహాటంగా ప్రశ్నించడం అనేది అక్కడ ఎలా జరిగింది, దానివల్ల ఏమొచ్చింది అని.

ఎవరు తేల్చేవాళ్ళు?

ముందు రంగస్థలం. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. అంతకుముందు మన కోస్తా జిల్లాల కాలేజీ చదువులకి అధికారం మద్రాసు విశ్వవిద్యాలయానిది. విశాఖపట్నంలో కూర్చుని పరీక్ష రాసే కుర్రాడు తెలుగు వ్యాసం ఏ తెలుగులో రాయాలో మద్రాసులో కమిటీలు తేల్చేవి.

అప్పటి నియమం ఏంటంటే గ్రాంథికం. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం రాశారు. అద్భుతమైన పుస్తకం, అందులో సందేహం లేదు. కానీ అది ప్రధానంగా కావ్యభాషకి సంబంధించిన వ్యాకరణం. తర్వాతివాళ్ళు దాన్ని వచనానికి, స్కూలు వ్యాసానికి కూడా చట్టంలా చేసేశారు. పిల్లాడు ఇంట్లో "వచ్చాను" అంటాడు, పరీక్షలో "వచ్చితిని" అని రాయాలి. "వెళ్తున్నాడు" అంటాడు, "పోవుచున్నాడు" అని రాయాలి. ఇంక అరసున్నలు, సరళాదేశాలు సరే సరి. ఆ పిల్లాడి నాన్న కాదు కదా, తాత కూడా అలా మాట్లాడి ఉండడు.

1906, 1907 ప్రాంతంలో జె.ఎ.యేట్స్ అనే ఇంగ్లీషాయన ఉత్తర జిల్లాలకి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకుందామని మొదలెట్టి, పుస్తకంలో తెలుగు ఒకటి, వీధిలో తెలుగు ఇంకోటి ఎందుకుందని అడిగాడు. అడిగింది విశాఖపట్నం మిసెస్ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి.శ్రీనివాస అయ్యంగారిని. ఆయన యేట్స్‌ని ఇద్దరి దగ్గరకి పంపారంటారు. ఒకరు విజయనగరంలో గురజాడ అప్పారావు గారు, మరొకరు పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు. వీళ్ళిద్దరూ విజయనగరంలో కలిసి చదువుకున్నవాళ్ళు. ఇలా ఒక తమిళుడు, ఒక ఇంగ్లీషాయన, ఇద్దరు ఉత్తరాంధ్ర మనుషులు కలిసి మొదలెట్టిన గొడవ ఇది. అయ్యంగారు 1909లో ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకమే అచ్చేయించారు. దేశభాషలకి చావా, బతుకా అన్నది దాని పేరు.

మొదట బాహాటంగా ప్రశ్నించింది ఎవరు?

ఇక్కడే మనకి స్కూల్లో సరిగ్గా చెప్పని మలుపు ఉంది.

వీళ్ళ ప్రయత్నాల వల్ల 1912-13 నాటికి స్కూల్ ఫైనల్ పరీక్షలో వ్యాసాన్ని కావ్యభాషలో గానీ ఆధునిక భాషలో గానీ రాసుకోవచ్చని అనుమతి వచ్చింది. గమనించండి, గ్రాంథికాన్ని తీసెయ్యలేదు. రెండిట్లో ఏదైనా రాసుకోండి అన్నారు, అంతే. మన భాషలో చెప్పాలంటే డిఫాల్టు మార్చలేదు, ఒక ఆప్షన్ పెట్టారు.

దాని మీద పండితలోకం భగ్గుమంది. జయంతి రామయ్య పంతులు గారి ఆధ్వర్యంలో 1911లో మద్రాసులో మొదలైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఈ అనుమతికి వ్యతిరేకంగా నిలబడింది. ఊరూరా సభలు, తీర్మానాలు, అర్జీలు. రామయ్య పంతులు గారు 1913లో గ్రాంథికాన్ని సమర్థిస్తూ ఇంగ్లీషులో పుస్తకం వేశారు. అదే ఏడాది గిడుగు ఆధునిక తెలుగు మీద తన మెమొరాండం వేశారు.

అంటే అధికారుల నిర్ణయాన్ని ముందుగా నలుగురిలో సవాలు చేసింది గ్రాంథికవాదులే! గెలిచింది కూడా వాళ్ళే. ఆ ఒత్తిడికి ఇచ్చిన అనుమతి వెనక్కి పోయింది.

కాబట్టి బాహాటంగా ప్రశ్నించే హక్కు ఉంటే మంచివాళ్ళే గెలుస్తారని ఎవరైనా అంటే నేనొప్పుకోను. సభలో జనం ఎక్కువున్నంత మాత్రాన న్యాయం ఆ వైపు ఉన్నట్టు కాదు. ఇది నా వాదనకి ఇబ్బందికరమైన విషయమే. అయినా దాచి లాభం లేదు.

రామయ్య పంతులు గారి పక్షాన్ని తీసిపారెయ్యడానికి కూడా లేదు. వాళ్ళ ప్రశ్నల్లో ఒకటి నిజంగా గట్టిది. వాడుక భాష అంటున్నారు, సరే, ఎవరి వాడుక? నెల్లూరు వాడుకా, శ్రీకాకుళం వాడుకా? గ్రాంథికం ఎవరి ఇంట్లోనూ మాట్లాడరు, కాబట్టి అందరికీ సమానమే కదా! పైగా దాన్ని వదిలేస్తే రేపటి పిల్లలు భారతం చదవలేరు కదా! ఈ రెండో భయం ఎంత నిజమైందో మన పిల్లల్ని చూస్తే తెలుస్తుంది. మొదటి ప్రశ్నకి మళ్ళీ వస్తాను.

గురజాడ ఏం చేశారు?

ఇంటర్మీడియట్‌లో తెలుగు వ్యాసం సంగతి తేల్చడానికి మద్రాసు విశ్వవిద్యాలయం ఒక కమిటీ వేసింది. గురజాడ అందులో ఉన్నారు. ఎక్కువమంది గ్రాంథికం వైపే మొగ్గారు. కమిటీ నివేదిక అలాగే తయారైంది.

ఇప్పుడు ఆయన ముందున్న దారులు చూడండి. సంతకం పెట్టి ఇంటికి పోవచ్చు. రాజీనామా చేసి పేపర్లో తిట్టొచ్చు. రిజిస్ట్రారుకి ఒక ఉత్తరం రాసి ఊరుకోవచ్చు. ఆయన ఇవేవీ చెయ్యలేదు. నివేదికతో నేనెందుకు ఏకీభవించనో చెబుతాను అని ఇంగ్లీషులో ఒక పెద్ద అసమ్మతి పత్రం రాశారు. 1914లో అది పుస్తకంగా అచ్చయింది. మినిట్ ఆఫ్ డిస్సెంట్ అని సాహిత్య చరిత్రలో పేరుపడింది అదే.

అందులో ఆయన పద్ధతి చూడాలి. మీరు ఛాందసులు అని నాలుగు మాటలనేసి ఊరుకోలేదు. ఇన్నాళ్ళుగా తెలుగు వచనం ఎలా నడిచింది, చదువుకున్నవాళ్ళు మాట్లాడే భాష ఎలా ఉంది, మీరు ప్రామాణికం అంటున్న భాష నిజానికి ఎక్కణ్ణించి వచ్చింది అని వరసగా పరిశీలించుకుంటూ పోయారు. ప్రాచీన భాష అని మీరు పట్టుకున్నది ప్రాచీనం కాదు, కావ్యభాషలోంచి నిన్న మొన్న తయారుచేసుకున్న కృత్రిమ భాష అన్నది ఆయన వాదన సారం. కన్యాశుల్కం రాసినాయన తల్చుకుంటే కమిటీ మీద ఒక ప్రహసనం రాయగలరు. రాయలేదు. కమిటీ ముందు కమిటీ భాషలోనే, ఆధారాలతో మాట్లాడారు.

ఫలితం? ఓడిపోయారు. నిర్ణయం నిర్ణయంగానే అమలైంది. 1915 నవంబరు 30న గురజాడ పోయారు, 53 ఏళ్ళకే. తను వాదించిన భాష పరీక్ష పేపర్లోకి రావడం ఆయన చూడలేదు.

మరి ఆ పత్రం దండగేనా? ఆ కమిటీ లోపల ఎవరెవరు ఏమన్నారో ఇవాళ మనలో ఎంతమందికి తెలుసు? కానీ గురజాడ ఏమన్నారో ఇప్పటికీ చదువుకోవచ్చు. లోపలే చెప్పి ఊరుకుని ఉంటే ఆ వాదన ఆయనతోనే పోయేది. అచ్చులో ఉంది కాబట్టి తర్వాతివాళ్ళు ఎక్కడ ఆగిందో అక్కడ్నించి ఎత్తుకున్నారు.

గిడుగు ఏం చేశారు?

ఎత్తుకున్నది గిడుగు. ఈయనది వేరే ధోరణి. సవరల భాష నేర్చుకోవడానికి కొండల్లో తిరిగితే మలేరియా వచ్చింది. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవులు దెబ్బతిన్నాయి. సరిగ్గా వినపడని మనిషి ఊరూరా తిరిగి పండితుల సభల్లో వాదానికి నిలబడ్డాడంటే ఆ మొండితనం ఊహించుకోండి.

1916లో కొవ్వూరులో ఉపన్యసించారు. 1919 ఫిబ్రవరిలో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడితే దానికి అధ్యక్షులు కందుకూరి వీరేశలింగం పంతులు గారు. జీవితమంతా దాదాపు గ్రాంథికంలోనే రాసిన వీరేశలింగం గారు చివరి రోజుల్లో ఇటు వచ్చారు. ఆ మేలోనే ఆయన పోయారు. అదే కాలంలో గిడుగు తెలుగు అనే మాసపత్రిక పెట్టి నడిపారు, ఏడాది నడిచింది.

గిడుగు ఆయుధం ఒకటే. మీ రూలు మీరే పాటించలేకపోతున్నారు అని చూపించడం. గ్రాంథికమే రాయాలని శాసించే పండితుల పుస్తకాలు తీసుకుని, ఇదిగో ఇక్కడ బాలవ్యాకరణం ప్రకారం తప్పు, ఇదిగో ఇక్కడ ఇంకోటి అని పట్టికలేసేవారు. బాలకవి శరణ్యంలో ఇంకో పని చేశారు. వైయాకరణులు తప్పన్న రూపాలు పూర్వకవుల ప్రయోగాల్లోనే ఉన్నాయని కుప్పపోసి చూపించారు. కోడింగ్ స్టాండర్డ్స్ పేరుతో అందరి కోడూ వెనక్కి పంపే పెద్దాయన సొంత కోడు మీద అదే చెకర్ నడిపితే ఎలా ఉంటుందో, అలా ఉంటుంది ఆ వ్యవహారం :)

ఆయన వ్యంగ్యం కూడా తక్కువేం కాదు. ఒక పుస్తకం పేరు ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం. భిషక్కు అంటే వైద్యుడు, భేషజం అంటే మందు. తెలుగులో మాత్రం భేషజం అంటే డాంబికం కూడా. ఇది గురజాడ పద్ధతి కాదు. కానీ ఆ వ్యంగ్యం వెనక కూడా పేజీల కొద్దీ ఉదాహరణలుంటాయి. ఊరికే వెక్కిరింపు కాదు.

చివరికి 1924 అక్టోబరు 13న కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారిక భాష మీద తన నిషేధాన్ని ఎత్తేసింది. గురజాడ పత్రం వచ్చిన పదేళ్ళకి. అప్పటికి గిడుగు వయసు 61. మరుసటి ఏడాది తణుకు పరిషత్తు సభలో నాలుగు గంటల పాటు ప్రసంగించారని చెప్తారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనకి కళాప్రపూర్ణ ఇచ్చి గౌరవించింది. మద్రాసు విశ్వవిద్యాలయం ఒకప్పుడు కాదన్న వాదానికి నిలబడిన మనిషిని, మా మద్దిలపాలెం పక్కనున్న విశ్వవిద్యాలయం గౌరవించిందన్నమాట. అన్నట్టు మద్దిలపాలెంలోనే పిఠాపురం కాలనీ అని ఉంది. గ్రాంథికవాదుల పరిషత్తు తలపెట్టిన సూర్యరాయాంధ్ర నిఘంటువుకి ఖర్చు పెట్టుకున్నది పిఠాపురం రాజావారు. రెండు పక్షాల జ్ఞాపకాలూ ఆటోలో పది నిమిషాల దూరంలో ఉన్నాయి.

హద్దులు ఉండవా?

ఉండాలి. ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న.

మన శాసనసభనే తీసుకోండి. స్పీకర్ రూలింగ్ ఇచ్చాక సభ్యుడు అక్కడికక్కడే నిలబడి వాదించకూడదు. ప్రతి రూలింగ్ మీదా చర్చ మొదలైతే సభే నడవదు. అలాగని స్పీకర్‌ని ఎవరూ ఏమీ అడగకూడదనా? కాదు. రాజ్యాంగం 179వ అధికరణం ప్రకారం 14 రోజుల నోటీసిచ్చి స్పీకర్‌ని తొలగించే తీర్మానం పెట్టొచ్చు. 181వ అధికరణం ఇంకా బాగుంటుంది. ఆ తీర్మానం మీద చర్చ జరిగేటప్పుడు స్పీకర్ అధ్యక్ష స్థానంలో కూర్చోకూడదు. తన మీద ఫిర్యాదుకి తనే తీర్పరి కాకూడదు. ఇంత చిన్న రూలు మన సంఘాల్లో, కమిటీల్లో ఎన్నిట్లో ఉందో ఓసారి చూసుకోండి.

ఆట మధ్యలో అంపైర్‌తో కొట్లాడ్డం వేరు, ఆట అయ్యాక ఆ నిర్ణయం తప్పని ఆధారాలతో రాయడం వేరు. గురజాడ చేసింది రెండోది. ఆయన అసమ్మతి కమిటీ పనిని ఆపలేదు. నిర్ణయం అమలైంది, అభ్యంతరం రికార్డయింది. రెండూ పక్కపక్కనే ఉండొచ్చు.

కోర్టుల్లో కూడా ఇదే తేడా కనిపిస్తుంది. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్లో 1966 దాకా ఒక్కటే అభిప్రాయం వెలువడేది. లోపల న్యాయమూర్తులు విభేదించినా బయటికి తెలిసేది కాదు. పరువు కాపాడుకునే పద్ధతి అది. మన సుప్రీంకోర్టు అలా కాదు. ఎమర్జెన్సీలో, 1976 ఏప్రిల్‌లో, హెబియస్ కార్పస్ కేసులో నలుగురు ఒకవైపు, జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరూ ఒకవైపు. తర్వాత జనవరిలో ఆయన్ని దాటేసి జూనియర్‌ని ప్రధాన న్యాయమూర్తిని చేశారు, ఆయన రాజీనామా చేశారు. 2017లో గోప్యత హక్కు కేసులో తొమ్మిదిమంది బెంచి ఆ పాత మెజారిటీ తీర్పు తప్పని చెప్పింది. 41 ఏళ్ళు పట్టింది. ఖన్నా గారు తన అసమ్మతిని ఛాంబర్లో చెప్పి ఊరుకుని ఉంటే 2017లో తిరగెయ్యడానికి ఏ కాగితం ఉండేది?

నిర్ణయించేవాళ్ళ బాధ కూడా నాకు అర్థమవుతుంది. చాలా సంఘాల్లో వాళ్ళు జీతం లేకుండా పనిచేస్తారు. ఎవడో ఒకడు రోజూ నిలదీస్తుంటే రేపణ్ణించి ఎవరొస్తారు? దీనికి మందు ప్రశ్నని నిషేధించడం కాదు, ప్రశ్నకి ఒక చోటు, ఒక పద్ధతి పెట్టడం. నిర్ణయానికి కారణం రాతలో ఇవ్వాలి. అభ్యంతరం కూడా రాతలో, అందరికీ కనిపించేలా ఉండాలి. ప్రశ్న నిర్ణయం మీద ఉండాలి, మనిషి ఇంటిపేరు మీద కాదు. తేలేదాకా నిర్ణయాన్ని పాటించాలి. ఈ నాలుగూ ఉంటే రోజూ గొడవలవుతాయని నేననుకోను. నిజానికి గొడవలయ్యేది ఎక్కడా చెప్పుకోడానికి చోటు లేనప్పుడే.

గెలిచినవాళ్ళ సంగతి

ఇప్పుడు జయంతి రామయ్య గారి పక్షం అడిగిన ప్రశ్నకి వద్దాం. వాడుక భాష సరే, ఎవరి వాడుక?

వ్యావహారికం గెలిచాక పేపర్లలో, పుస్తకాల్లో స్థిరపడింది శిష్ట వ్యావహారికం. అంటే చాలావరకు కృష్ణా, గోదావరి జిల్లాల్లో చదువుకున్నవాళ్ళు మాట్లాడే తెలుగు. మొదలెట్టింది మా వైపు మనుషులు. గెలిచాక మా వైపు మాట మాత్రం సినిమాలో కామెడీ ట్రాక్ అయ్యింది. "ఏటి" అంటే నవ్వుతారు. రావిశాస్త్రి గారు విశాఖ కోర్టుల్లో, వీధుల్లో వినపడే మాటని కథల్లోకి తెచ్చి చూపించినా, పరీక్ష పేపర్లో అది తప్పే. తెలంగాణ భాషకి జరిగింది ఇంకా పెద్దది. అక్కడి జనం దాన్ని బాహాటంగానే ప్రశ్నించారు. 2014 నుంచి తెలంగాణలో కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. పదకొండు రోజుల తేడాతో రెండు భాషా దినోత్సవాలు. రెండోది మొదటిదానికి శత్రువేం కాదు. గిడుగు అడిగిన ప్రశ్ననే గిడుగు వారసులని మళ్ళీ అడగడం, అంతే.

నిర్ణయించే కుర్చీలోకి ఎవరొచ్చినా కొన్నాళ్ళకి తమ అలవాటునే నియమం అనుకుంటారు. నిన్న తిరగబడ్డవాళ్ళు కూడా. అందుకే ప్రశ్నించే హక్కుని మనకి నచ్చిన పక్షానికే పరిమితం చేస్తే కుదరదు. 1913లో పరిషత్తుకి ఆ హక్కు ఉండాలి, 1914లో గురజాడకి ఉండాలి, ఇవాళ "ఏటి" అని రాసే శ్రీకాకుళం కుర్రాడికీ ఉండాలి.

వాళ్ళలో ఎవరు గెలుస్తారో నేను చెప్పలేను. పదేళ్ళు పట్టొచ్చు, నలభై ఏళ్ళు పట్టొచ్చు. కానీ 1914లో ఓడిపోయిన తెలుగులోనే ఇదంతా రాశాను, మీరూ ఏ నిఘంటువూ తియ్యకుండా ఇక్కడిదాకా చదివేశారు. ఆ ఓడిపోయినాయన తన అభ్యంతరాన్ని లోపల చెప్పి ఊరుకోకపోవడం మన అదృష్టం.